కాయ ఘాటే, దగ్గు కాదు

మిరప సీజను వస్తే గుంటూరు మొత్తం దగ్గుతుంది. బస్టాండులో దగ్గుతారు, గుళ్ళో హారతి వేళ దగ్గుతారు, పెళ్ళిపీటల ముందు పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి దగ్గుతారు. మిర్చి యార్డుకి పోయే లారీ ఒకటి పక్కనుంచి వెళ్ళిందంటే చాలు, స్కూటరు వెనక కూర్చున్న ఆడవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. బయటి ఊళ్ళవాళ్ళు చూసి కంగారు పడతారు. మాకది జబ్బు కాదు. దానికి మేం పెట్టుకున్న పేరు కాయ ఘాటు.

కాన్సర్ ఆస్పత్రిలో నేను చేసిన ఉద్యోగంలోకి ఇప్పుడు కొత్త అమ్మాయిలు వస్తున్నారు. మర్చిపోలేని కేసు ఏదైనా చెప్పండి ఆంటీ అని అడుగుతారు. కేసు అనే మాట నాకు నోట రాదు. మర్చిపోలేని మనిషి ఉంది. ఆమె సంగతి మీకోసమే రాస్తున్నాను. ఇందులో సంతోషం తక్కువ, ముందే చెబుతున్నాను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. మంగళగిరిలో మాది నేత ఇల్లు. పోలియోతో ఒక కాలు చచ్చుబడితే, అంత దూరం ఎవరు మోసుకెళ్తారని బడి మాన్పించారు. నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ, నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకుని అక్షరాలూ ఎక్కాలూ పద్యాలూ చెప్పాడు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఆ చదువుకి ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన పని ఏమిటంటే, డాక్టరు చెప్పింది రోగికి తెలిసే తెలుగులో చెప్పడం, మందు ఎక్కించుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళకి ఫోను చేసి ఎలా ఉన్నారో కనుక్కోవడం. నాన్న నాకు మాట నేర్పితే, దేవుడు ఆ మాటకి పని చూపించాడు. రోజూ ఇంట్లో దీపం పెట్టి, ఈ పూట నా నోటివెంట అబద్ధం రానీయకు స్వామీ అని దణ్ణం పెట్టుకుని వెళ్ళేదాన్ని. ఆ సంగతి రోగులకీ తెలుసు. అబద్ధం చెప్పకపోతే చాలదని తర్వాత తెలిసింది.

ఆ మనిషి యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. అందరూ మేస్త్రమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు. ముఠాయే ఆమె సంసారం. చిన్నప్పటినుంచీ దవడలో పొగాకు కాడ పెట్టుకునే అలవాటు. నాలుక వెనక, గొంతు మొదట్లో పుండు పడి, మెడలోకి గడ్డలు దిగేదాకా పంటినొప్పి అనుకుంది. మా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. మింగుడు పడక ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. పాలూ జావా అందులోంచే. మాట ముద్దగా వచ్చేది, కానీ ఆగేది కాదు.

మా డాక్టరు గారు కనిగిరి వైపు ఆయన, చిన్నవాడు, మంచివాడు. కీమోతో పాటు ఇమ్యునోథెరపీ కూడా కలిపి ఇద్దామన్నాడు. ఆ మందు అప్పుడప్పుడే మా ఆస్పత్రిలో ఒక్కొక్కరికీ అందుతోంది. ఆమెకి చెప్పే పని నాది.

"మేస్త్రమ్మా, మీ యార్డు గేటు దగ్గర వాచ్‌మెన్ ఉంటాడు గదా."

"ఉంటాడు, నిద్దరపోతా."

"దొంగ ఒకడు హమాలీ చొక్కా తొడుక్కుని, తలపాగా మొహం మీదికి లాక్కుని బస్తా మోసుకుపోతున్నాడనుకో. వాచ్‌మెన్ మనోడే అని వదిలేస్తాడు. నీ జబ్బు కూడా ఒంట్లో అట్లాగే తిరుగుతోంది. కీమో మందు దొంగని కొడుతుంది. ఈ రెండో మందు దొంగని ముట్టుకోదు, వాడి తలపాగా లాగేస్తుంది. ఇక వాచ్‌మెనే చూసుకుంటాడు."

"మా వాచ్‌మెన్ నిద్దర లేస్తే దొంగని పట్టుకోడు మేడం. బీడీ అడుగుతాడు."

డాక్టరు గారు కూడా నవ్వాడు. తర్వాత చెప్పాల్సింది నేను చెప్పాను. ఒక్కోసారి ఆ వాచ్‌మెన్‌కి కోపం ఆగదు, దొంగనే కాదు ఇంటివాళ్ళని కూడా కొడతాడు. పేగుల్ని కొడితే విరేచనాలు పట్టుకుంటాయి, ఊపిరితిత్తుల్ని కొడితే దగ్గు, ఆయాసం వస్తాయి. దగ్గు వస్తే వెంటనే చెప్పాలి, అశ్రద్ధ చేస్తే ప్రాణానికే ప్రమాదం, అప్పుడు ఈ మందు ఆపేస్తారు.

"ఆపేస్తే?" అంది.

"ఆపేస్తే ఊపిరితిత్తులు సర్దుకుంటాయి."

"వాటి సంగతి కాదు మేడం. దొంగ సంగతి అడుగుతన్నా."

నేను డాక్టరు గారి వైపు చూశాను. ఆయన కాగితాల వైపు చూశాడు.

ఇక్కడ ఆ ముఠావాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. మధ్యాహ్నం పని ఆపి షెడ్డు కింద గుండ్రంగా కూర్చుంటారు. క్యారేజీలు విప్పి, తలా ఒక గరిటె కూర పక్కవాళ్ళకి వేస్తారు. మేస్త్రి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళు మొదలుపెడతారు. ఎవరు పెట్టిన నియమమో వాళ్ళకే తెలియదు. మేస్త్రమ్మకి గొట్టం వేశాక ఆ ఆడవాళ్ళకి ఏం చేయాలో తోచలేదట. ఆమె ముందు తినలేక, బస్తాల వెనక్కి పోయి ఇద్దరిద్దరు చొప్పున దొంగల్లా తిని వచ్చేవారట. ఆమెకి తోడుగా వచ్చే ముఠా మనిషి, చిన్న వయసు పిల్ల, ఈ మాట నాకు చెప్పి కళ్ళు తుడుచుకుంది. "మా ఇస్తరి దగ్గర మా మేస్త్రమ్మ లేదండి. అన్నం దిగట్లా."

మందు పనిచేసింది. నాకు తెలిసి అంత త్వరగా పనిచేయడం అరుదు. రెండో విడత తర్వాత మెడలో గడ్డలు చేతికి చిన్నగా తగిలాయి, మూడో విడత తర్వాత మంచినీళ్ళు మింగింది. ఉగాది దాటిన కొత్తల్లో గొట్టం తీసేశారు. ఆ రోజు మా హెడ్ సిస్టరు, ప్రార్థన లేకుండా సూది పట్టని మనిషి, మేస్త్రమ్మ తలమీద చెయ్యి పెట్టి ఏదో గొణుక్కుంది. నేను నా దేవుడికి చెప్పుకున్నాను. మర్నాడు షెడ్డు కింద ముఠా అంతా ఆమె మొదటి ముద్ద కోసం ఎదురుచూశారట. పెరుగన్నం. మింగడానికి చాలాసేపు పట్టిందట. అప్పటిదాకా ఎవరూ పళ్ళెంలో చెయ్యి పెట్టలేదట.

ఇక ఫోను సంగతి. మందు ఎక్కిన తర్వాత మధ్యమధ్య నేను చేసేదాన్ని. జ్వరం ఉందా, విరేచనాలు ఉన్నాయా, ఆయాసం ఉందా, దగ్గు ఉందా. అన్నిటికీ లేదనే చెప్పేది. ఒకసారి లేదు అంటూనే ఫోన్లో దగ్గింది.

"మరి అదేంది మేస్త్రమ్మా?"

"ఇదా? ఇది కాయ ఘాటు మేడం. దగ్గు కాదు. ఇక్కడికొచ్చి నిలబడండి, మీరూ దగ్గుతారు."

వెనక నుంచి నిజంగానే పదిమంది దగ్గు వినిపించింది. నేను నవ్వాను. ఓ.పి.కి వచ్చినప్పుడు డాక్టరు గారు అడిగితే ఆయనకీ అదే చెప్పింది. ఆయన స్టెతస్కోపు పెట్టి విన్నాడు, బాగానే ఉందన్నాడు. ఆ వారం తీసిన స్కానులో గడ్డలు సగానికి తగ్గాయి, ఊపిరితిత్తులు తెల్లమచ్చ ఒక్కటీ లేకుండా శుభ్రంగా ఉన్నాయి. "సీజను అయిపోతే అదే తగ్గుద్ది లేమ్మా" అని ఆయనా ఒకసారి దగ్గాడు. ఆ రోజుల్లో హెడ్ సిస్టరు దగ్గేది, నేను దగ్గేదాన్ని. అందరూ దగ్గే ఊళ్ళో ఒకరి దగ్గుని విడిగా ఎవరు వింటారు?

ఎండలు ముదిరాయి. ఆ రోజు ఆమెకి తర్వాతి విడత ఎక్కించాలి. మందు ఎక్కించే హాల్లో కుర్చీలు వరసగా ఉంటాయి. ఆమె పక్క కుర్చీలో తుళ్ళూరు వైపు రైతు ఒకాయన. రాజధానికి పొలం ఇచ్చేసి, చేతులు ఊరుకోక వేరే ఊళ్ళో కౌలుకి మిరప వేసిన మనిషి. ఆయనకీ గొంతులోనే జబ్బు, కీమో ఎక్కుతోంది. ఇద్దరికీ కబుర్లు బాగా కుదిరాయి. సెలైను పెట్టి సిస్టరు వెళ్ళింది. ఫార్మసీ నుంచి మందు సంచి వచ్చి ట్రేలో ఉంది, ఇంకా తగిలించలేదు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని రైతుగారికి నోటిపూత గురించి చెబుతున్నాను.

మేస్త్రమ్మ దగ్గింది. పొడిగా, చిన్నగా, వరసగా. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందమ్మాయ్, అట్టా దగ్గుతన్నావు?" అన్నాడు రైతు.

"కాయ ఘాటు అన్నాయ్. మనకి మామూలేగా."

"ఏ కాయ?" అని నవ్వాడాయన. "యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చి పదిరోజులు పైనే అవుతుంది గదా. నా మిరప టిక్కీలు బస్తాలకి బస్తాలు అమ్ముడుపోక కోల్డుస్టోరేజీలో పెట్టుకుని కూర్చున్నా. గేటుకి తాళం వేస్తే నువ్వు ఏ సందులోంచి దూరి తొడిమలు తీస్తన్నావు? చెప్పు, నేనూ వస్తా."

ఆయన హాస్యానికే అన్నాడు. మేస్త్రమ్మ నవ్వలేదు. ముందు ఆయన్ని చూసింది, తర్వాత ట్రేలో మందు సంచిని చూసింది, తర్వాత నన్ను. ఏటా వేసవిలో యార్డు మూస్తారని నాకు తెలియదా? గుంటూరులో పసిపిల్లలకి తెలుసు. మూసిన రోజునుంచీ మా వీధిలో దగ్గు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు హాయిగా ఉంది కానీ, అందులో ఒక్క దగ్గు ఎందుకు మిగిలిందో ఆలోచించలేదు.

ఆమె సెలైను లేని చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఏళ్ళ తరబడి తొడిమలు తీసిన వేళ్ళు, గరుగ్గా ఉన్నాయి.

"చెప్పబాకండి మేడం" అంది, నాకొక్కదానికే వినపడేలా. "ఈ ఒక్కసారికి ఎక్కనీయండి. మీరు దేవుడి మనిషి. ఇప్పుడిప్పుడే ముద్ద దిగతంది."

"ఎప్పటినుంచి ఉంది?"

"మెట్లెక్కితే వస్తది. కూర్చుంటే ఏం లా. కూర్చునే ఉంటాగా."

"మేస్త్రమ్మా, ఊపిరి ఆగిపోతే?"

"గొట్టంతో బతికే ఊపిరి నాకెందుకండీ? మందు ఆపేస్తే అది మళ్ళీ వేస్తారు. మీరే చెప్పారుగా, దగ్గొస్తే ఆపేస్తారని. అందుకే దగ్గు లేదని చెప్పా."

నేను ఆమెని కాపాడదామని చెప్పిన మాటే ఆమెకి దాచుకోవడం నేర్పింది. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మనం హెచ్చరిక అనుకుని చెబుతాం. అవతలి మనిషి అందులో తనకి కావలసిన దారి వెతుక్కుంటుంది. ఆమె స్థానంలో ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. తెలుసని ఎవరైనా అంటే నేను నమ్మను.

నా చెయ్యి విడిపించుకోవడానికి బలం కావలసి వచ్చింది. స్వామీ అనుకున్నాను, ఇంకేమీ అడగలేదు. కుంటుకుంటూ వెళ్ళి హెడ్ సిస్టరుకి చెప్పాను. ఆమె వెంటనే ట్రే తీసి లోపల పెట్టేసింది.

డాక్టరు గారు వచ్చాడు. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ బాగానే ఉంది. మేస్త్రమ్మ మొహంలో ఆశ మెరిసింది. "చూశారా సార్, ఏం లా" అంది. ఆయన క్లిప్పు తీయకుండా, "వరండా చివరిదాకా నడువమ్మా" అన్నాడు. ఆమె లేచి, పైట సర్దుకుని, యార్డులో ముఠా ముందు నడిచినట్టు తలెత్తి నడిచింది. సగం వరండా అలాగే నడిచింది. తర్వాత గోడ పట్టుకుంది. తర్వాత ఆగింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెనక్కి తిరిగి మావైపు చూడలేదు. పక్కనే నడిచిన సిస్టరు చేతిలోని మిషన్లో అంకెలు పడిపోతున్నాయని ఎవరూ చెప్పకుండానే మాకు ఇటునుంచే తెలిసింది.

ఆ సాయంత్రం స్కానులో రెండు ఊపిరితిత్తుల్లోనూ మంచు పట్టినట్టు తెల్లటి మచ్చలు. జబ్బు పాకలేదు, మందు చేసిన వాపు. డాక్టరు గారు ఆమె మంచం పక్కన కూర్చుని తనే చెప్పాడు. స్టీరాయిడ్ ఇస్తే ఇది తగ్గుతుంది, కానీ ఆ రెండో మందు మాత్రం ఇక లేదు.

"ఎన్నాళ్ళు సార్?"

"ఇక ఎప్పటికీ ఇవ్వలేమమ్మా. మళ్ళీ ఇస్తే ఈసారి ప్రాణం పోతుంది." ఆ స్కానులో గొంతు దగ్గర గడ్డ దాదాపు కనపడనంత చిన్నదైంది. పనిచేస్తున్న మందుని మా చేత్తో మేమే ఆపాం.

ఆయన వెళ్ళాక ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు, కొత్తగా చూసినట్టు.

"దీపం పెట్టుకుని వచ్చి నా కూడు తీశారు మేడం" అంది.

చెప్పడానికి ఉన్నవన్నీ ఆమెకి అక్కర్లేనివి. ఆ రాత్రి ఇంట్లో దీపం పెట్టడానికి చెయ్యి రాలేదు. కాసేపు కూర్చుని, తర్వాత పెట్టాను. మానేస్తే ఎవరిమీద అలిగినట్టు?

స్టీరాయిడ్ పడ్డాక దగ్గు తగ్గింది, ఆయాసం తగ్గింది. స్టీరాయిడ్‌కి ఒక గుణం ఉంది, విపరీతమైన ఆకలి పుట్టిస్తుంది. నేను ఆమె కూడు తీశానంటే, ఆ మందు పెట్టింది. గొంతులో దారి తెరిచే ఉంది గనక, ఆమె తినడం మొదలుపెట్టింది. నెల తర్వాత ఓ.పి.కి వచ్చినప్పుడు సరిగ్గా నా బల్ల ఎదురుగా కూర్చుని, క్యారేజీ విప్పి, కారం లేని ముద్దపప్పు అన్నం ఒక్కొక్క ముద్దా తింది. ప్రతి ముద్దకీ నన్ను చూసేది. ఒక్క మాట లేదు. తోడొచ్చిన పిల్ల నా దగ్గరికి వచ్చి, "మీరు చూడాలని తెచ్చింది మేడం. తిట్టటానికో, ఎందుకో నాకూ తెలవదు" అంది.

ఆ తర్వాతి సారి అలాగే కూర్చుంది. ఈసారి క్యారేజీ మూతలో ఒక గరిటె పప్పు వేసి, బల్లమీద నా వైపు జరిపింది. నేను తిన్నాను. ఉప్పు కూడా తక్కువే. ఆ రోజు నాకు దొరికింది ప్రసాదమే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

వానాకాలమంతా ఆమె బాగుంది. తలపాగా లాగే మందు ఆగిపోయినా ఒంట్లో దాని పని కొన్నాళ్ళు సాగుతుందని డాక్టరు గారు చెప్పాడు. లేచిన వాచ్‌మెన్ మళ్ళీ నిద్రపోవడానికి టైము పడుతుందని నేను ఆమెకి చెప్పాను. "బీడీ ఇచ్చి కూర్చోబెడతా" అంది. నాతో మళ్ళీ మాట్లాడింది ఆ రోజే. కార్తీక మాసం వెళ్ళేసరికి మెడలో గడ్డ మళ్ళీ చేతికి తగిలింది. కీమో ఒక్కటే ఇచ్చి చూశారు. అది ఆపలేకపోయింది. మింగుడు మళ్ళీ పడిపోయింది. గొట్టం వేస్తామన్నారు. తల అడ్డంగా ఊపి, దణ్ణం పెట్టి, ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు హెడ్ సిస్టరు ఆమెని గట్టిగా పట్టుకుంది. నన్ను మాత్రం ఆమే పట్టుకుంది, మణికట్టు దగ్గర, ఆ రోజులాగే. గట్టిగా కాదు. ఆ వేళ్ళకి ఇక అంత బలం లేదు.

నొప్పి మందు సరిపోతోందో లేదో కనుక్కోవడానికి నేను ఫోను చేస్తూ ఉండేదాన్ని. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం చేశాను. కొత్త కాయ వచ్చి యార్డు కిటకిటలాడే రోజులు. ఆ పిల్ల ఎత్తింది.

"షెడ్డు కాడ ఉన్నామండి. ఇంట్లో ఉండనంటంది. బస్తా మీద దిండేసి కూర్చోబెట్టాం."

"ఏమైనా తీసుకుంటోందా?"

"ఏం దిగట్లేదండి. మా బువ్వేళకి మాత్రం చెంచాతో చారు నీళ్ళు నాలిక మీద వేయించుకుంటది. అదే ఆమె మొదటి ముద్దంట. అదయ్యాక మమ్మల్ని తినమని చెయ్యి చూపిస్తది. ఎట్టా తింటామండీ. తినకపోతే ఒప్పుకోదు." ఆమె ఏదో అంటే విని, "మీతో మాట్లాడుద్దంట" అని ఫోను ఆమె చెవికి పెట్టింది.

ఊపిరి వినిపించింది. పళ్ళేలు, మాటలు, చుట్టూ ఆడవాళ్ళ దగ్గు. నాకు ఏం అడగాలో తోచక, నోటికి అలవాటైన ప్రశ్నలే అడిగాను. జ్వరం ఉందా? ఊహూ. నొప్పి? ఊఁ, కొంచెం. ఆయాసం? ఊపిరి లాక్కుంది. తర్వాత దగ్గింది. చాలాసేపు దగ్గింది. ఆ పిల్ల నీళ్ళు, నీళ్ళు అనడం వినిపించింది.

"దగ్గు ఉందా మేస్త్రమ్మా?" అన్నాను.

మాట కూడబలుక్కోవడానికి ఆమెకి టైము పట్టింది. ముద్దముద్దగా, కానీ తెలిసేలా అంది. "లేదు మేడం. కాయ ఘాటు."

సీజనే గదా, యార్డు తెరిచే ఉంది. ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు.

"సరే మేస్త్రమ్మా" అన్నాను. "బువ్వ దగ్గర కూర్చో. వాళ్ళు నీకోసం చూస్తున్నారు."